మోటారు ఆపినా షాకు కొట్టిన మిద్దెతోట

డిసెంబరు చివరి వారంలో, నల్లగొండలో పానగల్లు వైపు ఉన్న ఒక ఇంటి నుంచి నాకు ఫోను వచ్చింది. చేసింది ఆ ఇంటి పెద్దాయన. ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు. అప్పటినుంచి ఆయన లోకమంతా మిద్దెతోటే. వంకాయ, టమాటా, గోంగూర, పొట్ల, బీర తీగలు, రెండు అంజీరు మొక్కలు కలిపి 140 కుండీల దాకా ఉన్నాయి. రోజూ తెల్లవారకముందే పైకి వెళ్లి నీళ్లు పెట్టడం ఆయన అలవాటు.

“తమ్ముడూ, మోటారు షాకు కొడుతోంది. మోటారు మార్చాను, అయినా కొడుతోంది. నిన్న పడిపోయాను” అన్నారు.

ఆ చివరి మాటకు నేను చేస్తున్న పని వదిలి బయలుదేరాను. 22 ఏళ్లుగా ఇళ్ల వైరింగు చేస్తున్నాను. షాకు కొట్టిందని చెప్పేవాళ్లు చాలామంది తగులుతారు, అందులో సగం స్టెబిలైజరు మీదో గ్రైండరు మీదో చీమ కుట్టినట్టు అనిపించడమే. మనిషి పడిపోయాడంటే మాత్రం వేరు.

వెళ్లేసరికి ఆయన ఎడమ మణికట్టుకు పట్టీ ఉంది. ముందురోజు పొద్దున తడి గచ్చు మీద ఒట్టికాళ్లతో నిలబడి, ట్యాపు విప్పబోతే చెయ్యి దానికి అతుక్కుపోయిందట. విదిలించుకునే ప్రయత్నంలో వెనక్కి పడ్డారు. ఆ పడటమే ఆయనను ట్యాపు నుంచి విడదీసింది. మణికట్టు బెణికింది. నేను మొదట అడిగింది ఈసీజీ తీయించారా అని. తీయించారు, బాగానే ఉంది. షాకు తగిలి పడినవాళ్లు పైకి బాగానే కనిపించినా ఈసీజీ తీయించుకోవాలని నేను ఎక్కడైనా చెబుతాను, ఇక్కడా చెబుతున్నాను.

పైన ఏర్పాటు ఇలా ఉంది. నీళ్ల ట్యాంకు కూడా మిద్దె మీదే కాబట్టి కుండీలకు ధార సరిపోదు. అందుకని ట్యాంకు పక్కన ఇనుప స్టాండు మీద అర హార్స్‌పవర్ మోటారు పెట్టారు. దాని నుంచి నాలుగడుగుల ఇనుప పైపు, చివర ఇత్తడి ట్యాపు, దానికి రబ్బరు గొట్టం. మోటారుకు త్రీపిన్ ప్లగ్గు, పక్కనే స్విచ్ బోర్డు.

నాకంటే ముందు ఇద్దరు చూసి వెళ్లారు. మొదటి ఆయన ప్లగ్గు పీకి ట్యాపు పట్టుకోమన్నాడు, షాకు లేదు. మళ్లీ పెట్టి పట్టుకోమన్నాడు, జిల్లుమంది. మోటారు పాడైందని తేల్చి కొత్తది పెట్టించాడు. వారం తిరగకుండా కొత్త మోటారూ అలాగే చేసింది. రెండో ఆయన మధ్యాహ్నం వచ్చి టెస్టరు పెట్టి చూశాడు. టెస్టరు వెలగలేదు. ఏమీ లేదు సార్, మీకు భయం పట్టుకుంది అన్నాడు. పోతూ పోతూ, కావాలంటే ప్లగ్గులో ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపేస్తాను, షాకు రాదు అన్నాడట. ఎర్త్ అంటే లీకైన కరెంటును భూమిలోకి దించే తీగ, న్యూట్రల్ అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ. సారు వద్దన్నారు. ఆ వద్దనడం ఎంత మంచిదైందో తర్వాత చెబుతాను.

నేనూ ముందు మోటారు దగ్గరే అరగంట పోగొట్టుకున్నాను. కేబులు అతుకు చూశాను, ఇన్సులేషను ఎంత గట్టిగా ఉందో కొలిచే మెగ్గర్ పెట్టి చూశాను. 500 వోల్టుల మీద మోటారు ఇన్సులేషను 50 మెగా ఓమ్‌ల పైనే చూపింది. ఒక మెగా ఓమ్ ఉన్నా చాలనుకునే చోట అది నిక్షేపంలాంటి మోటారు. ట్యాపుకూ గచ్చుకూ మధ్య వోల్టేజీ చూస్తే సున్నా. అప్పుడు టైము పదిన్నర.

నా సరంజామా సర్దుకుంటూ సారును ఒక్క మాట అడిగాను. “షాకు కొట్టినప్పుడు మోటారు నడుస్తోందా, ఆగి ఉందా?”

“ఆగే ఉంది. ముందు ట్యాపు తిప్పుతాను, తర్వాతే స్విచ్ వేస్తాను.”

ఈ జవాబుతో మోటారు నిర్దోషి అని తేలిపోయింది. స్విచ్ ఆపి ఉంటే మోటారులోకి ఫేజు, అంటే లైను నుంచి వచ్చే కరెంటు, రాదు. ఫేజు రాని మోటారు షాకు ఎలా కొడుతుంది? కానీ ప్లగ్గు పీకితే ఆగిపోతోంది. స్విచ్ ఆపితే ఆగకుండా, ప్లగ్గు పీకితే ఆగేది ఏది? త్రీపిన్ ప్లగ్గులో స్విచ్ తెంపేది ఒక్క ఫేజునే. న్యూట్రల్, ఎర్త్ తీగలు స్విచ్ ఆపినా మోటారుకు తగిలే ఉంటాయి. ప్లగ్గు పీకితేనే ఆ రెండూ మోటారు నుంచి విడిపోతాయి. మోటారు ఒంటికి తగిలించి ఉండేది ఎర్త్ వైరు. అంటే ప్రాణాలు కాపాడటానికి వేసిన ఆకుపచ్చ తీగలోనుంచే కరెంటు పైకి వస్తోంది. మొదటి ఆయన చేసిన పరీక్ష సరైనదే. దాని అర్థమే తప్పుగా తీశాడు.

మరి నా మీటరుకు ఎందుకు అందలేదు?

ఈ ముడి విప్పింది ఆ ఇంటి కోడలు. వంటింట్లో నుంచి వింటున్న ఆమె బయటికి వచ్చి, “వాషింగ్ మెషిను వెనక మర తగిలితే నాకూ ఒకటి రెండుసార్లు చురుక్కుమంది. అదీ పొద్దున్నే. పగలు ఎప్పుడూ లేదు” అంది. కాసేపు ఆగి, “ధనుర్మాసం కదా, అత్తయ్య అయిదింటికే గీజరు వేస్తారు. మామయ్య అదే వేళకు పైకి వెళతారు” అంది.

అంతకు మించి నాకు ఇంకేం కావాలి? నేను కేసు రాసుకునే నోటు పుస్తకంలో ఆ రోజు రాసిన మాట ఒకటే: ఇంట్లో ఉండేవాళ్లను అడుగు. యంత్రంతో రోజూ మెలిగేది వాళ్లు. ఏ వేళకు ఏది జరుగుతుందో వాళ్లకు తెలుసు, పది నిమిషాలు చూసి వెళ్లే మనకు తెలియదు.

సారును మర్నాడు పొద్దున మిద్దె ఎక్కవద్దని, ఆ రోజు గీజరు వేయవద్దని గట్టిగా చెప్పి, తెల్లవారుజామున నాలుగున్నరకే వాళ్లింటికి వెళ్లాను.

మోటారు ప్లగ్గు పెట్టే సాకెట్‌లో ఎర్త్ రంధ్రానికీ న్యూట్రల్‌కూ మధ్య మీటరు పెట్టి ఉంచి, కింద గీజరు స్విచ్ వేయించాను. వేసిన వెంటనే 60 వోల్టులు. నీళ్లు వేడెక్కేకొద్దీ పెరిగి పది నిమిషాలకు 190 దాటింది. డిజిటల్ మీటరు ఒక్కోసారి పక్క తీగల నుంచి ఊరికే పట్టుకునే వోల్టేజీని కూడా చూపిస్తుంది, దాన్ని నమ్మి తీర్పు చెప్పకూడదు. అందుకని 15 వాట్ల బల్బు ఒకటి అక్కడే తగిలించాను. ఫిలమెంటు మసకగా ఎర్రబడింది. ఊరికే కనిపించే వోల్టేజీ బల్బును వెలిగించలేదు. ఇది నిజమైన కరెంటే. గీజరు ఆపాను. బల్బు ఆరిపోయింది, మీటరు సున్నాకు వచ్చింది.

గీజరు విప్పాను. 15 లీటర్లది, తొమ్మిదేళ్ల పాతది. లోపల నీళ్లు కాచే ఎలిమెంటు చుట్టూ తెల్లటి పెచ్చు బొటనవేలంత మందాన కట్టింది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే గచ్చులా రాలింది. ఈ ఊళ్లో తాగడానికి కృష్ణా నీళ్లు వచ్చినా, వాడకానికి చాలా ఇళ్లలో బోరు నీళ్లే. రాతి పొరల్లోంచి వచ్చే ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నల్లగొండ అనగానే అందరూ ఫ్లోరైడు అంటారు. అది మనుషుల ఎముకలకు చేసిన అన్యాయం చిన్నది కాదు. కానీ గీజరును తినేది ఫ్లోరైడు కాదు, ఈ సున్నపు లవణాలు. కాల్షియం కార్బొనేటు నీళ్లు వేడెక్కేకొద్దీ తక్కువగా కరుగుతుంది. అందుకే అన్నిటికంటే వేడిగా ఉండే ఎలిమెంటు మీదే పేరుకుంటుంది. పేరుకున్న పెచ్చు వేడిని నీళ్లలోకి పోనివ్వదు. లోపల ఎలిమెంటు మామూలుకంటే ఎక్కువ కాగి, పై గొట్టం సన్నగా చిట్లుతుంది. ఆ గొట్టంలో తీగ చుట్టూ నింపే తెల్లటి మెగ్నీషియా పొడి పొడిగా ఉన్నంతవరకే ఇన్సులేషను. చెమ్మ తగిలితే అది కరెంటుకు దారి ఇస్తుంది. మెగ్గర్ పెడితే ముల్లు సున్నా దగ్గరే పడుకుంది. మామూలు మీటరుతో కొలిస్తే ఎలిమెంటుకూ గీజరు ఒంటికీ మధ్య రెండున్నర వేల ఓమ్‌లు.

దీనికి ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే తనంతట పడిపోయే స్విచ్, ఎందుకు పడిపోలేదని సారు అడిగారు. 230 వోల్టులను 2,500 ఓమ్‌లతో భాగిస్తే ఆంపియరులో పదో వంతు కూడా రాదు, 92 మిల్లీ ఆంపియర్లు. అక్కడున్న ఎంసీబీ 16 ఆంపియర్లది. అది వైరును కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి ఒంటికి ఒక మిల్లీ ఆంపియరు తెలుస్తుంది. పది దాటితే కండరాలు బిగిసి పట్టుకున్నది వదల్లేడు. 30 దాటి గుండె మీదుగా కాసేపు పారితే ప్రాణాపాయం. సారు చెయ్యి ట్యాపుకు అతుక్కుందంటే ఆయన ఏ గీత దాటారో లెక్క వేసుకోవచ్చు. ఆ మాట ఆయనకు చెప్పేటప్పుడు పక్కనే అమ్మ, అంటే ఆయన భార్య, ఉన్నారు. నేను గొంతు తగ్గించి చెప్పాను.

అమ్మకు గీజరు ఎందుకు కొట్టలేదు? ఆమెది పాత అలవాటు. నీళ్లు కాగాక స్విచ్ ఆపి, ఆ తర్వాతే స్నానానికి వెళతారు. పైపులు కూడా ప్లాస్టిక్‌వి. ఆమెను ఆ అలవాటే కాపాడింది. గీజరు వెలుగుతుండగా స్నానం చేసే ఇళ్లవాళ్లందరూ ఇది ఇవాళే నేర్చుకోవాలని నా కోరిక.

ఇక్కడితో చాలామంది పని ముగిస్తారు. కొత్త గీజరు పెట్టి, డబ్బులు తీసుకుని వస్తారు. షాకు కూడా ఆగిపోతుంది. కానీ గీజరు పాడవడం ఈ ఇంట్లో జరిగిన అసలు తప్పు కాదు. గీజర్లు పాడవుతాయి, అందుకే ఎర్త్ అనేది ఒకటి ఉంది. ఆ లీకైన కరెంటు ఎర్త్ తీగ గుండా భూమిలోకి పోవాలి. పోకుండా మిద్దె మీదికి ఎందుకు వెళ్లింది?

మెయిన్ బోర్డు దగ్గర ఇంటి ఎర్త్ తీగలన్నిటినీ విప్పి, భూమిలోకి వెళ్లే జీఐ (జింకు పూత ఇనుప) తీగను విడిగా ఎర్త్ టెస్టరుతో కొలిచాను. టెస్టరు అంకె చూపలేదు. తీగ ఎక్కడికీ చేరడం లేదన్నమాట. ఎర్త్ గుంత ఎక్కడ అని అడిగితే ఎవరికీ గుర్తు లేదు. చివరికి సారే, ఇల్లు కట్టినప్పుడు గేటు పక్కన నిమ్మచెట్టు దగ్గర ఏదో తవ్వారు అన్నారు. ఇప్పుడు అక్కడ నిమ్మచెట్టు లేదు, నున్నటి టైల్సు ఉన్నాయి. మే నెలలో చిన్నమ్మాయి పెళ్లికి ముందు పోర్టికో ఎత్తు పెంచి టైల్సు వేయించారు. గోడ అంచున ఒక టైలు లేపించాను. తుప్పు పట్టిన జీఐ తీగ, కటింగ్ ప్లయరుతో తెంపిన మొన, సిమెంటు కింద. లెవెలుకు అడ్డం వచ్చిందని తాపీ పనివాళ్లు కోసేశారు. అది ఏమిటో వాళ్లకు తెలియదు, తెలిసినవాళ్లు పక్కన లేరు.

దీని పరిణామం అందరూ అర్థం చేసుకోవాలి. ఇంట్లోని గీజరు, ఫ్రిజ్, వాషింగ్ మెషిను, మోటారు, అన్నిటి ఒళ్లూ ఎర్త్ తీగతో ఒకదానికొకటి కలిసి ఉంటాయి. ఆ తీగ భూమికి చేరినంత కాలం అది రక్ష. భూమి దగ్గర తెగిందా, ఒక్క యంత్రంలో పుట్టిన కరెంటు అన్నిటి ఒంటి మీదికీ పాకుతుంది. స్నానాల గదిలో తప్పు, మిద్దె మీద శిక్ష. అసలు ఎర్త్ తీగే లేని ఇంట్లో అయితే ఆ కరెంటు గీజరు దగ్గరే ఉండిపోయేది.

ఇంకొకటి మిగిలింది. ఆ బోర్డులో ఆర్‌సీసీబీ కూడా ఉంది. 30 మిల్లీ ఆంపియర్లది, ఇల్లు కట్టినప్పుడు ఎవరో శ్రద్ధగా పెట్టించారు. వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ తేడా పసిగట్టి, రెప్పపాటులో లైను తెంపే పరికరం అది. మీట పైకే ఉంది. ‘టీ’ అని రాసిన బొత్తాం నొక్కాను. చప్పుడు లేదు. మూత విప్పితే, వచ్చే తీగలనూ వెళ్లే తీగలనూ దాని వెనక నేరుగా కలిపి టేపు చుట్టి ఉంది. దానిలోంచి కరెంటే పారడం లేదు.

నన్ను కలవరపెట్టింది ఈ టేపు చుట్టిన అతుకే. సారును నెమ్మదిగా అడిగితే గుర్తుకు వచ్చింది. అంతకుముందు చలికాలంలో ఆ స్విచ్ రోజూ పొద్దున పడిపోయేదట. ఎవరినో పిలిస్తే, ఇది చెడిపోయింది సార్, దీనితో పని లేదు అని సరిచేసి వెళ్లాడట. రోజూ పొద్దునే ఎందుకు పడింది? గీజరు అప్పటికే లీకవుతోంది. ఎర్త్ తీగ అప్పటికి బాగానే ఉంది, లీకైన కరెంటు దాని గుండా భూమిలోకి పోతోంది, ఆ తేడా పసిగట్టి ఆర్‌సీసీబీ పడిపోతోంది. అది చెడిపోలేదు. ఇంట్లో ఏదో చెడిందని నెల రోజులు మొత్తుకుంది. దాని నోరు మూసేశారు. ఆ మీదట గీజరు లీకు చప్పుడు లేకుండా భూమిలోకి పోతూనే ఉంది. మే నెలలో ఎర్త్ తెగింది, కానీ ఎండాకాలం కాబట్టి గీజరు వేసేవాళ్లు లేరు. చలి మొదలై గీజరు వేశాక, ఆ కరెంటుకు సారు చెయ్యి తప్ప వేరే దారి లేకపోయింది.

నా వృత్తిలో ఉన్న తమ్ముళ్లకు చేతులెత్తి చెబుతున్నాను. ఆర్‌సీసీబీ పడిపోతోందని పిలిస్తే, దాన్ని తప్పించడం మరమ్మతు కాదు. ఒక్కో సర్క్యూటు ఆపుకుంటూ వెతికితే గంటలో దొరుకుతుంది. ఆ గంట ఓపిక మనకు లేకపోతే ఈ పని చేయకూడదు.

మరమ్మతులో ఎక్కువ శ్రమ పెట్టింది భూమే. గేటు దగ్గరి పాత గుంతను తవ్వి కొలిస్తే 38 ఓమ్‌లు. ఈ అంకె ఎంత తక్కువైతే ఎర్త్ అంత మంచిది. చెమ్మ నిలవడానికి గుంతలో వేసిన ఉప్పు ఎప్పుడో కరిగిపోయింది, బొగ్గు ఎండిపోయింది. నాలుగు బిందెల నీళ్లు పోస్తే 24కు దిగింది. పెరట్లో రెండో గుంత తవ్విద్దామంటే అయిదడుగుల దగ్గర రాయి తగిలింది. లతీఫ్ సాహెబ్ గుట్ట కింద ఉన్న ఊళ్లో రాయి తగలకపోతేనే ఆశ్చర్యం. అందుకని లోతుకు కాకుండా అడ్డంగా వెళ్లాను. పెరటి గోడ వెంట 20 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల లోతు కాలువ తీయించి, జీఐ పట్టీ పరిచి, చుట్టూ చెలక మట్టికి బదులు నల్లరేగడి మట్టి తెప్పించి కూరాను. రేగడి చెమ్మ పట్టుకుంటుంది, పట్టీకి అంటుకుని ఉంటుంది. రెండిటినీ కలిపి కొలిస్తే 7 ఓమ్‌లు. అయినా 7 ఓమ్‌ల గుండా పారేది 33 ఆంపియర్ల లోపే. దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడదు, తాపీగా పడుతుంది. రాతి నేలలో ఆర్‌సీసీబీ లేకుండా ఎర్త్ ఒక్కటే మనిషిని కాపాడలేదని నేను అందుకే పట్టుబడతాను.

కొత్త ఆర్‌సీసీబీ పెట్టి మీట లేపగానే పడిపోయింది. గీజరు అప్పటికే తీసేశాం. ఒక్కొక్కటీ ఆపుతూ పోతే ఇన్వర్టరు దగ్గర దొరికింది. ఇన్వర్టరుకు వెళ్లే ఫేజును ఆర్‌సీసీబీకి ముందు నుంచి తీసి, దాని లైట్ల న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీ తర్వాత న్యూట్రల్ తీగలన్నీ కలిసే పట్టీకి కలిపారు. కరెంటు ఒక దారిన వెళ్లి ఇంకో దారిన తిరిగి వస్తే తేడా కనబడకుండా ఉంటుందా? ఆర్‌సీసీబీని తప్పించాక కొన్న ఇన్వర్టరు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. రెండు తీగలనూ ఒకే వైపు నుంచి ఇచ్చాను. మీట నిలిచింది.

ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలపడం గురించి చెబుతానన్నాను. అలా కలిపి ఉంటే గీజరు లీకు న్యూట్రల్‌లోకి పోయి షాకు ఆ రోజుకు ఆగేది. ఏదో ఒక గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజున, ఇంట్లో ఒక్క బల్బు వేసి ఉన్నా చాలు, ఆ మోటారు ఒంటి మీద 230 వోల్టులూ నిలబడతాయి. సారు వద్దనడం ఎంత మంచిదైందో అన్నది అందుకే.

కొత్త గీజరు పెట్టాం. థర్మోస్టాట్‌ను 50 డిగ్రీల దగ్గర ఆపాను, పెచ్చు కట్టడం నెమ్మదిస్తుంది. రెండేళ్లకోసారి విప్పి కడిగించి, లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగితే మార్చమని గీజరు మీదే తేదీ రాశాను. మొత్తం ఖర్చు గీజరుతో కలిపి 16,400 రూపాయలు అయింది. అనవసరంగా మార్చిన పాత మోటారును సారు దగ్గరే ఉంచమన్నాను, అది బాగానే ఉంది.

పోర్టికోలో లేపిన టైలు స్థానంలో చిన్న మూత బిగించి, కింద గుంతకు నీళ్లు పోసే గొట్టం పెట్టాను. ఆ మూత మీద సారు తన చేత్తో ఎర్ర రంగుతో ‘ఎర్త్, తీయవద్దు’ అని రాశారు. మళ్లీ టైల్సు వేయించే నాటికి తాను ఉండకపోవచ్చు కదా అన్నారు. ఆర్‌సీసీబీ బొత్తాం నెలకోసారి నొక్కి చూసే పని కోడలు తీసుకుంది. ఆ బొత్తాం ఆర్‌సీసీబీ పని చేస్తోందని మాత్రమే చెబుతుందని, ఎర్త్ సంగతి దానికి తెలియదని ఆమెకు వివరించాను. ఏడాదికోసారి ఎండాకాలంలో వచ్చి ఎర్త్ కొలిచి వెళతానన్నాను.

ఏప్రిల్‌లో వెళ్లాను. నేల బీటలు వారిన రోజులు. 15 దాకా పెరిగి ఉంటుందనుకుంటూ టెస్టరు పెడితే 9 ఓమ్‌లే చూపింది. ఎలా అని చూస్తే, రెండు ఎర్త్ చోట్లా మట్టి తడిగా ఉంది. పొద్దున మొక్కలకు నీళ్లు పెట్టి కిందికి దిగేటప్పుడు సారు ఆ రెండు చోట్లా కూడా చెరో బిందె పోస్తున్నారు.